కిలో లెక్కా, పాట లెక్కా?

2015లో కాలిఫోర్నియాలోని మిల్పిటాస్ అనే ఊళ్లో, ఎలక్ట్రానిక్ తుక్కు తీసుకునే ఒక సంస్థకు ఒకావిడ కొన్ని అట్టపెట్టెలు తెచ్చి ఇచ్చింది. భర్త చనిపోయాడు, గ్యారేజీ ఖాళీ చేస్తోంది. రసీదు ఇస్తామంటే అక్కర్లేదని వెళ్లిపోయింది. కొన్ని వారాల తర్వాత వాళ్లు పెట్టెలు విప్పి చూస్తే ఒకదాంట్లో ఆపిల్-1 ఉంది. 1976లో స్టీవ్ వాజ్నియాక్ తయారుచేసి, స్టీవ్ జాబ్స్‌తో కలిసి అమ్మిన మొట్టమొదటి ఆపిల్ కంప్యూటర్ అది. మొత్తం చేసినవే 200 దాకా. సంస్థ దాన్ని ఒక కలెక్టర్‌కు 2 లక్షల డాలర్లకు అమ్మింది. అందులో సగం మీదే, వచ్చి తీసుకెళ్లండంటూ ఆవిడ కోసం పత్రికల ద్వారా వెతికింది.

ఈ కథ విన్న హైదరాబాద్ మనిషికి సహజంగా వచ్చే ప్రశ్న ఒకటుంది. ఆ పెట్టె జల్‌పల్లికి వచ్చి ఉంటే ఏమయ్యేది?

జల్‌పల్లి పాతబస్తీకి దక్షిణపు అంచు. చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ దర్గా వైపు, విమానాశ్రయం వైపు వెళ్తుంటే తగులుతుంది. ఒకప్పుడు చెరువూ, పొలాలూ ఉన్న ఊరు. తర్వాత మున్సిపాలిటీ అయింది. ఇటు కాటేదాన్, మైలార్‌దేవ్‌పల్లి నుంచి అటు షాహీన్‌నగర్ దాకా నగరం వదిలేసిన వస్తువులు వచ్చి చేరే గోదాములు చాలా ఉన్నాయి. ప్లాస్టిక్, ఇనుము, కేబుళ్లు, బ్యాటరీలు, టైర్లు. ఎండాకాలంలో ఈ చుట్టుపక్కల ఏదో ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయన్న వార్త నగరానికి అలవాటే.

పాత కంప్యూటర్‌కు ఇక్కడ ఒక పద్ధతి ప్రకారం పోస్ట్‌మార్టం జరుగుతుంది. క్యాబినెట్ రేకు ఇనుముతో పోతుంది. హీట్‌సింక్ అల్యూమినియంతో. వైర్ల నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి రాగి తీస్తారు. మదర్‌బోర్డులు విడిగా ఒక కుప్ప. ర్యామ్, ప్రాసెసర్లు ఇంకా విడిగా, ఎందుకంటే వాటి రేటు వేరు. ఆపిల్-1కు క్యాబినెట్ కూడా లేదు, ఉత్త సర్క్యూట్ బోర్డు. అంటే విప్పే పని కూడా ఉండదు. నేరుగా బోర్డుల కుప్పలోకి వెళ్లి, కిలో లెక్కన తూగి, సాయంత్రానికి లారీ ఎక్కేది.

అలాగని గోదాములో పనిచేసే మనిషికి వస్తువు విలువ తెలియదనుకుంటే పొరపాటు. అతనికి తెలిసినంత వివరంగా మనకు తెలియదు. కాకపోతే అతని కొలబద్ద వేరు.

*

ఆ కొలబద్ద పేరు బంగారం.

పాత చిప్‌లలో, కనెక్టర్లలో బంగారం ఉంటుంది. అది తుప్పు పట్టదు, విద్యుత్తు బాగా పారుతుంది. ఒక టన్ను ముడి ఖనిజంలో కంటే ఒక టన్ను మంచి సర్క్యూట్ బోర్డుల్లో ఎన్నో రెట్లు ఎక్కువ బంగారం దొరుకుతుంది. నిజాం రాజ్యంలో రాయచూరు దగ్గర హట్టి గనులుండేవి. 1947లో ఆ గనుల కోసం పెట్టిన కంపెనీ పేరే హైదరాబాద్ గోల్డ్ మైన్స్. రాష్ట్రాల పునర్విభజనతో హట్టి కర్ణాటకకు పోయింది. ఇప్పుడు నగరానికి మిగిలిన బంగారు గనులు ఈ తుక్కు గోదాములే. మరాఠీలో తుక్కును ‘భంగార్’ అంటారు. ఒక్క ఒత్తు తీసేస్తే మన బంగారం.

ఈ గనిలో కూడా మంచి పొరలూ, చచ్చు పొరలూ ఉంటాయి. 1970ల నాటి సిరామిక్ చిప్‌ల మూతల మీద, కాళ్ల మీద బంగారు పూత మందంగా ఉండేది. 1995లో ఇంటెల్ తెచ్చిన పెంటియం ప్రో అయితే ప్రపంచమంతటా తుక్కు వ్యాపారుల నోట్లో నానే పేరు. ఒక్క ప్రాసెసర్‌లో అంత బంగారం ఇంకెందులోనూ రాదంటారు. ఆ తర్వాత చిప్‌లు ప్లాస్టిక్‌లోకి మారాయి, పూత పలచబడింది. కాబట్టి యంత్రం ఎంత పాతదైతే అంత గిరాకీ.

బంగారం తీసే పని ప్రమాదకరమైనది. దేశంలోని బోర్డులు చాలా కాలంగా ఉత్తరాన మురాదాబాద్ లాంటి చోట్లకు వెళ్తాయి. అక్కడ కాల్చి, తేజాబ్‌లో ముంచి లోహం తీస్తారు. స్కూల్లో రసాయనశాస్త్రంలో చదువుకున్న ద్రవరాజం, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం, అక్కడ బకెట్లలో ఉంటుంది. పొగ ఊపిరితిత్తుల్లోకీ, మిగిలిన నీళ్లు కాలువల్లోకీ పోతాయి.

విచిత్రం ఏమిటంటే, కలెక్టర్లు వెతికేదీ సరిగ్గా ఇవే చిప్‌లు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 మొట్టమొదటి వాణిజ్య మైక్రోప్రాసెసర్. దాని తొలి రూపం తెల్లని సిరామిక్ మీద బంగారు మూత. చెక్కుచెదరకుండా ఉంటే ఆన్‌లైన్ వేలంలో వందల డాలర్లు, ఒక్కోసారి అంతకు మించి పలుకుతుంది. అదే చిప్ ఆమ్లంలో పడితే వచ్చే బంగారం విలువ దానికి ఆమడ దూరంలో కూడా ఉండదు. ఏ అందం కోసం కలెక్టర్ డబ్బు పెడతాడో, ఆ అందం కోసమే తుక్కు మనిషి దాన్ని పగలగొడతాడు. ఏటా ఇలా కొన్ని కరిగిపోతుంటాయి కాబట్టే మిగిలిన వాటి ధర ఏటా పెరుగుతుంది.

*

తెలంగాణలో వేలాన్ని ‘హర్రాజు’ అంటారు. ఉర్దూ నుంచి వచ్చిన మాట. ‘వేలం’ పోర్చుగీసు వాళ్ల ‘లెయిలావ్’ నుంచి వచ్చిందంటారు. రెండూ అరువు మాటలే గానీ ‘పాట’ మాత్రం మనది. మనం వేలంలో ధర చెప్పం, పాట పాడతాం. పాట అన్నాక ఎదుటివాడి గొంతు వినపడాలి, మొహం కనపడాలి. ఎక్కడ ఆగాలో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఆన్‌లైన్ వేలం ఈ గొంతును తీసేసింది. 1995 సెప్టెంబర్‌లో పియర్ ఒమిడ్యార్ మొదలుపెట్టిన సైటే తర్వాత ఈబే అయింది. అందులో అమ్ముడైన తొలి వస్తువుగా చెప్పేది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. పాడైందని తెలిసే కొన్నారు. తుక్కుకు కూడా ఎక్కడో ఒక కొనుగోలుదారు ఉంటాడన్న సూత్రం ఆ రోజే తేలిపోయింది.

ఈబే పద్ధతిలో మీరు ఎంతవరకు పెట్టగలరో రహస్యంగా చెప్తారు. గెలిస్తే మీరు కట్టేది ఆ మొత్తం కాదు, రెండో స్థానంలో ఉన్నవాడి గరిష్ఠానికి కాస్త మీద. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో ఇలాంటి వేలాల గురించి రాశాడు, 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. దీని అర్థం సులువే. ఒక పాత కంప్యూటర్ ధర ఎంతన్నది నిర్ణయించేది లోకం కాదు, ఇద్దరు మనుషులు. ప్రపంచంలో ఎక్కడో ఒకడు దానికోసం 50 వేలు పెట్టడానికి సిద్ధపడితే సరిపోదు. రెండోవాడు కూడా ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే వారంలో లాగిన్ అయితే 50 వేలు, ఒకడు ఊరెళ్తే 5 వేలు. పాత సామాన్ల ధరలు అంత పిచ్చిగా ఊగడానికి సగం కారణం ఇదే.

పెద్ద వేలం సంస్థల దగ్గర ఈ ఊగిసలాట కోట్లలోకి వెళ్లింది. 1976లో ఆపిల్-1 ధర 666.66 డాలర్లు. 2010లో లండన్‌లోని క్రిస్టీస్‌లో ఒకటి 1,33,250 పౌండ్లకు పోయింది. 2014 అక్టోబర్‌లో బాన్‌హామ్స్ వేలంలో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం ఒకదానికి 9,05,000 డాలర్లు పెట్టింది, అప్పటి లెక్కలో సుమారు ఐదున్నర కోట్ల రూపాయలు. 2024లో పాల్ అలెన్ సేకరణ నుంచి మరొకటి 9,45,000 డాలర్లకు అమ్ముడైంది. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకడైన అలెన్ సియాటిల్‌లో పాత కంప్యూటర్లకు ఒక మ్యూజియమే కట్టాడు, యంత్రాలు పనిచేస్తూ ఉండేలా. 2018లో ఆయన పోయాడు, 2020లో మ్యూజియం మూతపడింది, సరుకు మళ్లీ వేలానికే వచ్చింది. మ్యూజియంలో చేరితే వస్తువు శాశ్వతంగా క్షేమం అనుకోవడానికి లేదన్నమాట.

ఇంత అరుదు ఎలా వచ్చింది? ఎక్కువసార్లు, తయారుచేసినవాళ్ల చేతులతోనే. ఆపిల్-1 తెచ్చిస్తే ఆపిల్-2 ఇస్తామని ఆపిలే పాతవాటిని వెనక్కి తీసుకుని ధ్వంసం చేసింది. 1983లో 9,995 డాలర్లకు అమ్మిన లీసా కంప్యూటర్లు మిగిలిపోతే, 1989లో యూటా రాష్ట్రంలో దాదాపు 2,700 యంత్రాలను చెత్తగుంటలో పూడ్చారు. అదే 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని వీడియోగేములను న్యూమెక్సికోలోని అలమొగార్డోలో పూడ్చింది. 2014లో ఆ గుంట తవ్వి, బయటపడ్డ వాటిలో 880కి పైగా గేములను ఈబేలో పెడితే లక్ష డాలర్లకు పైగా వచ్చింది. ముప్పయ్యేళ్లు చెత్తలో ఉండటమే ఆ గేములకు విలువ తెచ్చింది.

*

పాత యంత్రానికి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు మూడు రకాలు.

మొదటిది, తమ చిన్నతనాన్ని కొనుక్కునేవాళ్లు. పదేళ్లప్పుడు ఇంట్లో కమోడోర్ 64 ఉన్నవాడు, లేదా పక్కింట్లో ఉండి తనకు లేనివాడు, యాభయ్యో ఏట దాని కోసం పాట పాడతాడు. రెండోది, చరిత్రను పెట్టుబడిగా చూసేవాళ్లు. మూడోది అవసరం ఉన్నవాళ్లు. వీళ్ల గురించి తక్కువ మాట్లాడతాం. 2002లో నాసా స్పేస్ షటిల్ బూస్టర్లను పరీక్షించే పరికరాల కోసం ఇంటెల్ 8086 చిప్‌లను ఈబేలో వెతికి కొనాల్సి వచ్చింది. 1978 నాటి చిప్ అది. చేసేవాళ్లు లేరు, పరికరం మార్చాలంటే మళ్లీ మొత్తం పరీక్షించాలి. మన బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఒక పాత యంత్రం 386 కంప్యూటర్‌తో నడుస్తుంటే, దాని మదర్‌బోర్డు పోయిన రోజు ఆ ఓనర్ ఏ రేటైనా ఇస్తాడు. అతనికి జ్ఞాపకాలతో పనిలేదు, షిఫ్టు ఆగకూడదు.

మరి మన హైదరాబాద్‌లోనే పుట్టిన కంప్యూటర్ల సంగతి?

1967లో ఇక్కడ ఈసీఐఎల్ మొదలైంది. అణుశక్తి విభాగం కింద, అయ్యగారి సాంబశివరావు గారి ఆధ్వర్యంలో. ఏఎస్ రావు నగర్ అనేది ఆయన పేరే. 1969లో ట్రాంబేలో సిద్ధమైన టీడీసీ-12 మన ఇంజనీర్లు రూపొందించిన 12 బిట్ల కంప్యూటర్. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. దాన్ని ఈసీఐఎల్ హైదరాబాద్‌లో తయారుచేసి అమ్మింది. తర్వాత 1970లలో టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316, మైక్రో-78 వచ్చాయి. ఆ తరం కంప్యూటర్లలో మెమరీ అంటే ఫెర్రైట్ రింగులు. ఆవగింజంత రింగుల గుండా సన్నటి తీగలు దూర్చి, ఒక్కో రింగుకు ఒక్కో బిట్. చేతిపని. ప్రపంచంలో ఎక్కడ చేసిందైనా సరే, ఇవాళ అలాంటి ఒక్క కోర్ మెమరీ పలకను కూడా కలెక్టర్లు ఫ్రేము కట్టించుకుంటారు.

ఆ రోజుల్లో ఒక తమాషా ఉంది. పాత కంప్యూటర్‌కు ఎక్కువ ధర కట్టడం మన దేశానికి కొత్త కాదు. ఐబీఎం 1959లో తెచ్చిన 1401 యంత్రాలు అమెరికాలో పాతబడ్డాక వాటిని ఇక్కడికి తెచ్చి, బాగుచేసి, మన ఆఫీసులకు గట్టి అద్దెకు ఇచ్చేది. ఈ విషయం పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. అప్పుడు అది సరదా కాదు, గత్యంతరం లేక. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లింది. దాని యంత్రాలకు మరమ్మతులు చేసే బాధ్యతను ప్రభుత్వ సంస్థ సీఎంసీ తీసుకుంది, తర్వాత హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం పెట్టుకుంది. విడిభాగాలు దొరకని యంత్రాలను ఏళ్ల తరబడి నడిపించిన ఇంజనీర్లు వాళ్లు. పాత హార్డ్‌వేర్ గురించిన జ్ఞానం ఈ ఊళ్లో ఉద్యోగంగా ఉండేది.

అయినా టీడీసీ ఆన్‌లైన్ వేలంలో ఆపిల్‌లా పలకదు. దాని చుట్టూ ఆ ఇద్దరు మనుషులు లేరు. ఆపిల్-1ను మనుషులు కొని ఇంటికి తీసుకెళ్లారు. టీడీసీని సంస్థలు కొన్నాయి. ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ఆఫీసులు. అది ఎవరి గ్యారేజీలోనూ లేదు, ఎవరి చిన్నతనంలోనూ లేదు. ప్రభుత్వ ఆఫీసులో వస్తువుకు మరణం ఒకే రకంగా వస్తుంది, కండెమ్ అవుతుంది. ఒక కమిటీ కూర్చుంటుంది, పనికిరాదని సంతకాలు పెడుతుంది, స్టాక్ రిజిస్టర్‌లో ఎర్ర గీత పడుతుంది. తర్వాత వేలం.

ఆ వేలం కూడా ఆన్‌లైనే! కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ 1964లో పుట్టింది తుక్కు ఇనుము వ్యాపారం కోసమే. ఇప్పుడు ప్రభుత్వ సంస్థల పాత సామాను చాలావరకు దాని ఈ-వేలాల్లో పోతుంది. పాత కంప్యూటర్లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు అన్నీ కలిపి ఒక లాటు. పాడేవాళ్లు బరువు అంచనా వేసుకుని పాడతారు. కాబట్టి ఒకే ఇంటర్నెట్‌లో రెండు వేలాలు నడుస్తున్నాయి. ఒకదాంట్లో వస్తువుకు పేరు, సంవత్సరం, సీరియల్ నంబర్, ఎవరి దగ్గర ఉందన్న కథ ఉంటాయి. రెండోదాంట్లో లాటు నంబర్ ఉంటుంది. ధరల తేడా అంతా ఈ కాగితంలోనే ఉంది. మిల్పిటాస్‌లో పెట్టె విప్పిన మనిషి ఆ బోర్డు పేరు చదవగలిగాడు, అంతే.

*

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, మనకెందుకు అనిపించవచ్చు. తెలుగు సాహిత్యం చదివేవాళ్లకు ఎందుకో చెప్తాను.

1990లలో తెలుగు అచ్చు సీసం అక్షరాల నుంచి డీటీపీకి మారింది. అప్పటి తెలుగు కంప్యూటర్ అంటే ఇప్పటిలా ఫోన్లో కీబోర్డు మార్చుకోవడం కాదు. భారతీయ లిపులు తెరమీద రావడానికి సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు అని ఒక హార్డ్‌వేరే ఉండేది, కంప్యూటర్ లోపల బిగించాలి. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, దాని మీద ఎవరి ఫాంటు వారిది, ఎవరి కోడ్ వారిది. కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లు ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ ఉంటేనే తెరుచుకునేవి. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. అది పోతే వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ పోయినట్టే.

ఆ పదిహేనేళ్లలో వచ్చిన కథల సంపుటాలు, చిన్న పత్రికలు, కరపత్రాలు, ఉద్యమ సాహిత్యం ఇలాగే తయారయ్యాయి. ఫైళ్లు 1.44 ఎంబీ ఫ్లాపీల్లో, తర్వాత జిప్ డిస్కుల్లో, తర్వాత సీడీల్లో. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. సోనీ 2011లో ఫ్లాపీల తయారీ ఆపేసింది. ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కు ప్రింటర్ పోర్టు లేదు, ఫ్లాపీ దూర్చే చోటు లేదు. ఆ ఫైలు తెరవాలంటే పనిచేసే ఫ్లాపీ డ్రైవ్, ఆ కాలపు మదర్‌బోర్డు, ఆ కాలపు విండోస్, ఆ డాంగిల్, అన్నీ ఒకేచోట కలవాలి. అందుకే పాతికేళ్ల కిందటి పుస్తకాన్ని మళ్లీ వెయ్యాలంటే ప్రచురణకర్తలు చాలాసార్లు అచ్చు ప్రతి ముందు పెట్టుకుని మొదటి నుంచి టైప్ చేయిస్తారు. అచ్చయిన పుస్తకమైతే సరే, ప్రతి ఒకటి ఎక్కడో దొరుకుతుంది. అచ్చుకు వెళ్లకుండా ఆగిపోయినవి, ఎడిటింగ్‌లో తీసేసిన పేజీలు, రచయిత దిద్దిన మొదటి ప్రతులు? అవి ఆ డిస్కుల్లోనే ఉన్నాయి.

ఇక్కడ పాత హార్డ్‌వేర్ ధర తెలుగువాళ్ల సమస్య అవుతుంది. ఒకప్పుడు ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో చిల్లరకు దొరికే పాత డ్రైవ్‌లు, బోర్డులు రానురాను తగ్గిపోతాయి, తర్వాత విదేశీ వేలాల్లో డాలర్లలో కొనాలి, పైన షిప్పింగ్, కస్టమ్స్. ఈబే కూడా మన దేశంలో 2004లో బాజీ డాట్‌కామ్‌ను కొని అడుగుపెట్టి, 2018లో దుకాణం కట్టేసింది. పాత యంత్రాల గురించి తెలిసిన అమ్మేవాడూ, కొనేవాడూ కలుసుకునే చోటు మనకు స్థిరపడనేలేదు.

జల్‌పల్లికి ఎనిమిది, పది కిలోమీటర్ల దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడి ముసుగు రెబెక్కా విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ ఇటలీలో కొన్నది 1876లో, ఆపిల్-1కు సరిగ్గా వందేళ్ల ముందు. దూరదేశపు వస్తువుకు ఎక్కువ ధర పెట్టి తెచ్చుకోవడం ఈ పాతబస్తీకి తెలిసిన విద్యే. ఆ డబ్బు దుబారా అని అప్పట్లో అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఇవాళ ఆదివారం పిల్లల్ని తీసుకుని గడియారం గంటలు వినడానికి వెళ్లేవాళ్లెవరూ ఆ మాట అనరు.

చట్టం మాత్రం వందేళ్ల లెక్క చూస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువు పురావస్తువు కావాలంటే నూరేళ్లు నిండాలి, రాతప్రతులకు 75. ఆ లెక్కన టీడీసీ-12కు 2069లో అర్హత వస్తుంది. ఈలోగా దానికి వర్తించేవి ఈ-వ్యర్థాల నిబంధనలే. 2012 మే నుంచి అమల్లో ఉన్నాయి. పెద్ద సంస్థలు తమ ఎలక్ట్రానిక్ తుక్కును అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఇది మంచిదే, బకెట్లో ఆమ్లం కలిపే చేతుల దృష్ట్యా ఇంకా గట్టిగా అమలు కావాలి. కానీ ఆ నిబంధనల ముందు హైదరాబాద్‌లో తయారైన తొలి కంప్యూటరూ, నిన్న పాడైన ఇంక్‌జెట్ ప్రింటరూ ఒకటే.

దీనికి కోట్లు అక్కర్లేదు. కండెమ్ కమిటీలో సంతకం పెట్టే ముందు వస్తువు పేరు, సంవత్సరం, ఫొటో ఒక పేజీ మీద ఎక్కిస్తే చాలు. ప్రచురణ సంస్థలు తమ బీరువాల్లోని డిస్కులను యంత్రాలు దొరుకుతున్న ఈ కొద్ది ఏళ్లలోనే తిరగరాయించుకోవాలి. ఇక గోదాముల సంగతి. జల్‌పల్లిలో బోర్డులు వేరుచేసే మనిషికి గ్రేడులు తెలుసు, చిప్‌ల మీది నంబర్లు తెలుసు, ఏది మామూలుది కాదో చేత్తో పట్టుకుంటే తెలుసు. అతనికి తెలియనిదల్లా, పగలగొట్టకుండా పక్కన పెడితే కిలో రేటు కంటే ఎక్కువిచ్చే మనిషి ఫోన్ నంబర్. ఆ నంబర్ రాసిన కాగితం ఒకటి గోదాము గోడకు ఉంటే, వేలంలో లేని ఆ రెండో మనిషి దొరికినట్టే.